జీరో నొక్కితే రాయి పోదు

2024 దసరా సెలవులకి ఇంటికెళ్లేసరికి మా కాటా ముందు పత్తి ట్రాక్టర్లు ఏడు నిలబడి ఉన్నాయి. నాన్న ఇండికేటర్ మీద అంకె చూసి, చెవి మీద పెట్టుకున్న పెన్ను తీసి, చీటీలు చేత్తో రాస్తున్నాడు. నన్ను చూడగానే బ్యాగు కూడా దించనివ్వలేదు.

"ఒరేయ్, పిడుగు పడి పాత కంప్యూటర్ పోయిందిరా. కొత్తది తెప్పించా. నీ ప్రోగ్రాం అందులో ఎక్కించు ముందు."

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నాన్నకి చిన్న వేబ్రిడ్జి ఉంది. ప్లాట్‌ఫాం మీదికి బండి ఎక్కితే బరువు ఇండికేటర్‌లో కనిపిస్తుంది. ఆ ఇండికేటర్ సీరియల్ కేబుల్ ద్వారా అదే అంకెని కంప్యూటర్‌కి పంపిస్తుంది. దాన్ని చదివి చీటీ ప్రింట్ చేసే ప్రోగ్రాం నేను బీటెక్ రెండో ఏడాదిలో, 2018లో రాశా. స్క్రీన్, ప్రింటింగ్ అంతా పైథాన్. ఇండికేటర్ పంపే అక్షరాల్ని విడగొట్టి బరువు తీసే భాగం మాత్రం సి భాషలో రాసి, పైథాన్‌కి ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్‌గా తగిలించా. దానికి సి అవసరం లేదు, పైసీరియల్ లాంటి లైబ్రరీతో పైథాన్‌లోనే అయిపోయేది. కానీ అప్పుడే సి నేర్చుకున్నా కదా, కాలేజీలో గొప్ప చెప్పుకోవాలి!

"పది నిమిషాలు నాన్నా" అన్నా. సాఫ్ట్‌వేర్ వాడి పది నిమిషాలంటే ఎంతో మీకు తెలుసుగా.

కొత్త కంప్యూటర్‌లో నాకు అలవాటైన ఫెడోరా 40 వేశా. బిల్డ్ కొట్టగానే మొదటి ఎర్రర్: డిస్ట్‌యుటిల్స్ లేదు. పైథాన్ 3.12 నుంచి దాన్ని తీసేశారు. సెటప్‌టూల్స్ పెట్టి, సెటప్ ఫైల్లో ఒక లైను మార్చా. మళ్లీ కొట్టా. పైథాన్.హెచ్ దొరకలేదంది. ఇది చాలామందికి ఎదురయ్యేదే. పైథాన్ ఉన్నంత మాత్రాన సరిపోదు. సి కోడ్ పైథాన్‌తో మాట్లాడాలంటే దాని హెడర్ ఫైళ్లు కూడా కావాలి. ఫెడోరాలో పైథాన్3-డెవెల్, ఉబుంటులో పైథాన్3-డెవ్ అనే ప్యాకేజీ వేసుకుంటే వస్తాయి. అదీ అయింది.

మూడోసారి ఎర్ర అక్షరాలు రెండు చోట్ల. "ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్" అని ఒకటి. ఇంటిజర్‌ని తెచ్చి పాయింటర్‌లో పెడుతున్నావని ఇంకోటి. రెండూ ఒకే లైను మీద.

నాకు ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఒక్కసారి కూడా ఆగకుండా నడిచిన కోడ్ ఇది! ఒక్క అక్షరం మార్చలేదు. మరి ఇప్పుడెందుకు తప్పయింది?

మారింది కోడ్ కాదు, కంపైలర్. సి భాషలో ఒక ఫంక్షన్‌ని వాడే ముందు అది ఏం తీసుకుంటుందో, ఏం తిరిగి ఇస్తుందో చెప్పాలి. పాత కాలపు సిలో చెప్పకపోయినా నడిచేది. "సర్లే, ఇంటిజర్ ఇస్తుందేమో" అని కంపైలరే అనుకునేది. 1999 ప్రమాణంలో ఆ వెసులుబాటు తీసేశారు. అయినా జీసీసీ పాతికేళ్ల పాటు వార్నింగ్ ఇచ్చి వదిలేస్తూ వచ్చింది. 2024 మేలో వచ్చిన జీసీసీ 14 మాత్రం ఇక వదలనంది. వార్నింగ్ కాస్తా ఎర్రర్ అయింది. ఫెడోరా 40లో ఉన్నది అదే.

ఇంతలో కిటికీ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. "బాబూ, మిషను బాగైందా? చేత్తో రాసిన చీటీ అయితే మిల్లోళ్లు మళ్లీ కాటా వెయ్యాలంటున్నారు. మళ్లీ లైను, మళ్లీ డబ్బులు."

"అయిపోయింది పెద్దాయనా, రెండు నిమిషాలు."

ఆ రెండు నిమిషాల తొందరలోనే తప్పు చేశా. జీసీసీ 14లో ఎఫ్‌పర్మిసివ్ అని ఒక ఫ్లాగ్ ఉంది. అది ఇస్తే ఈ ఎర్రర్లు మళ్లీ వార్నింగులైపోతాయి. సీఫ్లాగ్స్‌లో దాన్ని పెట్టి బిల్డ్ కొట్టా. పసుపు రంగులో ఏదో గొణిగింది గానీ మాడ్యూల్ తయారైంది. పైథాన్‌లో ఇంపోర్ట్ చేస్తే కిక్కురుమనకుండా లోడ్ అయింది. "నాన్నా, రెడీ!" అని గట్టిగా అరిచా.

పెద్దాయన ట్రాక్టర్ ఎక్కింది. బటన్ నొక్కా. స్క్రీన్ మాయం. టెర్మినల్‌లో ఒకే ముక్క: సెగ్మెంటేషన్ ఫాల్ట్. మళ్లీ నొక్కా, మళ్లీ అదే. నాన్న ఏమీ అనలేదు. చెవి మీది పెన్ను తీసి చీటీ రాసిచ్చి పంపించాడు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం భోజనాల వేళకి బండ్లు పోయాయి. ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంది. అయినా ఇండికేటర్ 20 అని చూపిస్తోంది. "నాన్నా, జీరో బటన్ నొక్కు, పోతుంది" అన్నా. నాన్న నా వైపు అదోలా చూశాడు. గడ్డపలుగు తీసుకుని గుంతలోకి దిగి, ప్లాట్‌ఫాంకి, పక్క గోడకి మధ్య ఇరుక్కున్న కంకరరాయి ఒకటి బయటికి లాగాడు. అంకె దానంతటదే సున్నాకి వచ్చింది.

"జీరో నొక్కితే అంకె పోద్ది, రాయి పోదురా. బండెక్కినాక అది ఎటు లాగుద్దో ఎవడికి తెలుసు? రైతు నష్టపోవచ్చు, మిల్లోడు నష్టపోవచ్చు. పేరు పోయేది మాత్రం మనదే."

ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఆగిపోయా. పొద్దున నేను చేసింది అచ్చం అదే. జీరో నొక్కా. రాయి లోపలే ఉంది.

చెయ్యి కడుక్కుని ఈసారి కోడ్ ముందు కుదురుగా కూర్చున్నా. నా మాడ్యూల్‌లో రెండు సి ఫైళ్లు ఉన్నాయి. ఇండికేటర్ నుంచి ఒక వరస అక్షరాలు చదివి, అవి మెమరీలో ఎక్కడున్నాయో ఆ అడ్రస్ తిరిగి ఇచ్చే ఫంక్షన్ రెండో ఫైల్లో ఉంది. దాన్ని పిలిచేది మొదటి ఫైల్లో. కానీ ఆ ఫంక్షన్ అడ్రస్ ఇస్తుందని మొదటి ఫైలుకి నేనెక్కడా చెప్పలేదు. చెప్పకపోతే కంపైలర్ ఇంటిజర్ అనుకుంటుంది. ఇంటిజర్ అంటే 4 బైట్లు. పిడుగుపాటుకి పోయిన మా పాత కంప్యూటర్ 32 బిట్‌ది. అందులో మెమరీ అడ్రస్ కూడా 4 బైట్లే. కాబట్టి తప్పు ఉన్నా ఏమీ పోలేదు. కొత్తది 64 బిట్. అడ్రస్ 8 బైట్లు. పై సగం తెగిపోయి కింది సగమే మిగిలింది. కవరు మీద ఊరి పేరు చింపేసి డోర్ నంబర్ మాత్రం ఉంచినట్టు. ఆ నంబర్ పట్టుకుని ఏ ఊళ్లో వెతకాలి? ప్రోగ్రాం ఎక్కడో తనది కాని చోట తలుపు కొట్టింది, ఆపరేటింగ్ సిస్టం మెడపట్టి గెంటేసింది.

ఒక రకంగా క్రాష్ అవ్వడం నా అదృష్టం. అదే ఫంక్షన్ బరువుని దశాంశ సంఖ్యగా నేరుగా ఇచ్చేదై ఉంటే, క్రాష్ కాకుండా ఏదో ఒక చెత్త అంకె వచ్చేది. అది నమ్మేలా ఉంటే చీటీ మీద ప్రింటయ్యేది కూడా. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకి 7,521 రూపాయలు. 20 కిలోలు తేడా వస్తే రైతుకి పదిహేను వందలు గల్లంతు.

బాగు చెయ్యడానికి పట్టింది ఒక్క లైను. చిన్న హెడర్ ఫైలు పెట్టి, అందులో ఆ ఫంక్షన్ ఏం తీసుకుంటుందో, ఏం ఇస్తుందో రాశా. రెండు సి ఫైళ్లలోనూ దాన్ని ఇన్‌క్లూడ్ చేశా. రెండింటిలో ఎందుకంటే, ఇచ్చిన మాటా చేసే పనీ ఒకటేనా కాదా అని కంపైలరే సరిచూస్తుంది. ఎఫ్‌పర్మిసివ్ తీసేశా. పాత బిల్డ్ ఫోల్డర్ మొత్తం చెరిపేసి మొదటి నుంచి కట్టించా. ఎరుపు లేదు, పసుపు కూడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. 2018లో కూడా ఇవే రెండు మాటలు వార్నింగులుగా వచ్చాయి. ప్రోగ్రాంతో పాటు నేను రాసిపెట్టిన నోట్ ఫైల్ తెరిచి చూశా. "బిల్డ్ చేస్తే రెండు వార్నింగులు వస్తాయి. పట్టించుకోవద్దు" అని ఉంది. కింద నా పేరు.

ఇది పైథాన్ గొడవ ఒక్కటే కాదు. రూబీ జెమ్ అయినా, పెర్ల్ మాడ్యూల్ అయినా, లోపల సి కోడ్ ఉంటే కొత్త కంపైలర్ దగ్గర ఇదే పంచాయితీ. మీకూ వస్తే మొదట కనిపించిన ఎర్రర్‌ని ముందు చదవండి, చివరిది కాదు. హెడర్ లేదంటే ప్యాకేజీ వెయ్యండి. వేరేవాళ్ల లైబ్రరీ అయితే, మీ పైథాన్ వెర్షన్‌కి సిద్ధంగా కట్టిన వీల్ ఫైల్ ఉందేమో చూడండి. చాలాసార్లు అది లేకే పిప్ కంపైల్ చెయ్యడానికి దిగుతుంది. కాస్త పాత పైథాన్ వెర్షన్ వాడితే అసలు కంపైలర్‌తో పనే ఉండకపోవచ్చు. ఇక ఎర్రర్‌ని నోరుమూయించే ఫ్లాగ్ అంటారా, కారణం తెలిశాక తాత్కాలికంగా వాడుకోండి. కారణం తెలుసుకోకుండా మాత్రం వద్దు.

సాయంత్రం బటన్ నొక్కే ముందు నా చెయ్యి కాస్త వణికింది. నాన్నే వెళ్లి ప్లాట్‌ఫాం మధ్యలో నిలబడ్డాడు. మా కాటా పదేసి కిలోల మెట్టులో చూపిస్తుంది. ఇండికేటర్ మీద 70. నా స్క్రీన్ మీద 70. ప్రింటర్ చీటీ కక్కింది.

నాన్న చీటీ చించి, వెలుతురులో పెట్టి చూసి, జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడు పిలువు బండిని" అన్నాడు.

నోట్ ఫైల్లో ఆ పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశా: "వార్నింగ్ వస్తే గుంతలోకి దిగి చూడు."