పిల్లికి సూది, కంచంలో చేప

ఏవండీ, మీ ఇంటి పిల్లి ఉచ్చ పోసిన చోట చీమలు బారులు తీరుతున్నాయా? గిన్నెడు నీళ్లు పెడితే గిన్నెడూ తాగేస్తోందా? బాగా తింటూనే వెన్నెముక తేలి చిక్కిపోతోందా? అయితే ఇక ఆలస్యం చెయ్యకండి. షుగరు పిల్లులకీ వస్తుంది. ముదిరితే వెనక కాళ్ల నరాలు దెబ్బతిని, మడమలు నేలకి ఆనించి నడుస్తుంది పాపం. బందరు వాళ్లమైనా, గుడివాడ వాళ్లమైనా మనకి గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. జబ్బేమిటో అక్కడ తేల్చుకోవచ్చు. డాక్టరుగారు ఇన్సులిన్ రాసిచ్చాక మాత్రం రోజువారీ పనంతా మన చేతుల్లోనే.

ముందు సిరంజి సంగతి చూద్దాం. మన మెడికల్ షాపుల్లో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 ఉండేది ఇంకొకటి. సిరంజిలూ అలాగే వేరు: 40 దానికి ఎర్రమూత, 100 దానికి నారింజ మూత. వంద బలం మందుని ఎర్రమూత సిరంజిలోకి లాగారనుకోండి, ఒక్క గీతకే రెండున్నర యూనిట్లు వెళ్లిపోతాయి. పిల్లికి సాధారణంగా మొదలుపెట్టేదే పూటకి ఒక యూనిట్ అటూ ఇటూ. కాబట్టి సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పక్కపక్కన పెట్టి చూసుకోనిదే షాపు మెట్లు దిగకండి.

రక్తం చూడ్డానికి చెవే మంచి చోటు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డని చెవికి కాసేపు ఆనిస్తే అంచున సన్నటి నరం ఎర్రగా కనిపిస్తుంది. చెవి లోపలివైపు దూది ఆనించి, నరం పక్కనే చిన్నగా గుచ్చితే ఆవగింజంత చుక్క వస్తుంది. గ్లూకోమీటరు పుల్లకి అది చాలు. తర్వాత ఆ దూదితోనే కాసేపు నొక్కి పట్టండి.

ఇక డోసు. తెల్లారి చూస్తే 380 ఉందని అప్పటికప్పుడే ఇంకో అరగీత పెంచెయ్యాలనిపిస్తుంది. పెంచకండి! బెదిరిన పిల్లికి ఆ బెదురుకే షుగరు పెరుగుతుంది. సూది వేశాక రెండేసి గంటలకోసారి చూసి రాసుకుంటే, మధ్యలో ఎక్కడిదాకా దిగుతోందో తెలుస్తుంది. డాక్టరుగారికి కావలసింది ఆ అడుగు అంకె. అది చూసే వారు అర యూనిటో ఒకటో మారుస్తారు. మార్చాక కూడా ఐదారు రోజులు ఆగాలి. కొత్త డోసు ఒంటికి పట్టడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. పూట తిండి ముట్టకపోతే మామూలు డోసు వేసెయ్యకుండా ముందు డాక్టరుకి ఫోను చెయ్యండి. ఎక్కువ షుగరు ఒక్కరోజులో ప్రాణం తియ్యడం అరుదు, తక్కువ షుగరు గంటల్లోనే తీస్తుంది. తూలుతున్నా, పిలిస్తే పలక్కుండా బిగుసుకుపోతున్నా చిగుళ్ల మీద తేనె రాసి ఆసుపత్రికి పరుగెత్తండి.

మన పల్లపు ఊళ్లలో ఇన్సులిన్‌కి ఇంకో బెడద కరెంటు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమకి వేరే చెప్పాలా? వాయుగుండమంటే రోజుల తరబడి ఫ్రిజ్ ఆగిపోతుంది. అప్పుడు సీసాని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నీళ్లు పోసిన మట్టికుండలో ఉంచుకోవచ్చు. ఐసు గడ్డల మీద మాత్రం పెట్టకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

నేను మరీ మరీ చెప్పదలచుకున్నది తిండి గురించి. మన ఇళ్లలో పిల్లి అంటే పాలన్నమే కదా! కానీ దాని ఒళ్లు మాంసానికే పుట్టింది. అన్నం తగ్గించి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి ముళ్లు తీసిన శీలావతి ముక్కో, కోడిమాంసమో పెడితే షుగరు చాలావరకు దారికొస్తుంది. పచ్చి చేప వద్దు, అందులో బి1 విటమిన్‌ని చంపే పదార్థం ఉంటుంది. చేపల పులుసూ వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని చెడగొడతాయి. ఊరికే చేప మీదే నడిపినా కొన్ని పోషకాలు కొరవడతాయి, అవేమిటో డాక్టరుగారినే అడగండి. చిక్కేమిటంటే, అన్నం మానిపించి సూది పాత డోసులోనే వేస్తే షుగరు పాతాళానికి పడిపోతుంది. కంచం మార్చే ముందే డాక్టరుగారికి చెప్పి డోసు తగ్గించుకోవాలి. జబ్బుని తొందరగా పట్టుకుంటే కొన్ని పిల్లులకి నెలల్లో సూది అవసరమే లేకుండా పోతుంది. అలా సూది ఆగిన పిల్లికి కూడా అప్పుడప్పుడూ చెవి గుచ్చి చూస్తూనే ఉండండి, జబ్బు తిరగబెట్టవచ్చు.