మా పొదుపులో మరొకరి వేతనం

మదరసా ఉపాధ్యాయుల్లో చాలామందికి పింఛను ఉండదు. నరసరావుపేటలో పాతికేళ్లకు పైగా పాఠం చెబుతున్న మాకూ లేదు. అందుకే ఆరేళ్ల క్రితం, వడ్డీ బ్యాంకుల, మద్యం కంపెనీల వాటాలు కొనని ఒక మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 2,000 రూపాయలు వేయడం మొదలుపెట్టాము. ఫారాలు నింపిన ఏజెంటు మా మస్జిదులో మా వెనుక సఫ్‌లో నిలబడే యువకుడే. తన రుసుము ఎంతో మేము అడగలేదు.

ఇందులో సిగ్గుపడవలసిన విషయం ఒకటుంది. ‘ఖుదూరీ’లో ఇజారా అధ్యాయం ఏటా బోధించేది మేమే. పని ఏదో, దాని వేతనం ఎంతో ముందే తేలకపోతే ఒప్పందం చెడుతుందని మాచర్ల, గురజాల నుంచి వచ్చిన పిల్లలకు నూరిపోస్తాము. సంతకం పెట్టేటప్పుడు ఆ పాఠం మాకే గుర్తు రాలేదు.

మన మిర్చి రైతుకు గుంటూరు యార్డులో ఇచ్చే తక్‌పట్టీలో కోతలు కనిపిస్తాయి. ఫండు ఖర్చు అలా కనిపించదు. దాన్ని ప్రతిరోజూ మినహాయించుకున్న తరువాతే యూనిట్ విలువ ప్రకటిస్తారు. ఏజెంటుకు ముట్టిన సొమ్మును ఆరు నెలలకోసారి ఇచ్చే ఖాతా వివరంలో చూపాలని 2016లో సెబీ ఆదేశించింది. ఆ కాగితాలు మా ఇంటికి వచ్చాయి కూడా. ఇంగ్లీషులో ఉన్నాయని అలమారలో పెట్టేశాము.

మొన్న షాబాన్ సెలవుల్లో మా అమ్మాయి వాటిని చదివి వినిపించింది. ఏటా ఖర్చు నూటికి రెండు. రెండే కదా అన్నాము. అమ్మాయి లెక్క వేసింది. నెలకు 2,000 చొప్పున 15 ఏళ్లకు అసలు 3,60,000. ఏటా 9 శాతం పెరిగితే సుమారు 7,57,000 అవుతుంది. 7 శాతమే మిగిలితే 6,34,000. తేడా 1,23,000! మొత్తం సొమ్ము మీద చూస్తే రెండే, లాభం మీద చూస్తే దాదాపు మూడో వంతు. పైగా నష్టం వచ్చిన ఏడాది కూడా ఈ కోత ఆగదు.

జాతీయ పింఛను వ్యవస్థలో నిధి నిర్వహణ రుసుము, 2021 నాటి రేట్ల ప్రకారం, అత్యధికంగా నూటికి 0.09 మాత్రమే. ఖాతా రుసుములు వేరు. అయితే ఆ సొమ్ము వడ్డీ బాండ్లలోకీ వెళ్తుంది. చౌక అయినంత మాత్రాన వడ్డీ హలాల్ కాదు గనుక అది మాకు పోల్చి చూసుకోవడానికే పనికొచ్చింది. ధర్మసమ్మతమైన వాటాలు ఏరడానికి కొంత ఎక్కువ తీసుకుంటే కాదనము. ఎంత ఎక్కువ అన్నదే మా ప్రశ్న.

2013 జనవరి నుంచి ఫండ్లన్నీ ఏజెంటు లేని ‘డైరెక్ట్’ పథకాన్నీ అందించాలి. మా ఫండులో దాని ఖర్చు నూటికి ఒకటి. రెండో ఒకటి ప్రధానంగా ఆ యువకుడి కమీషను. ఎండలో బండి మీద పాన్ కార్డు కోసం మమ్మల్ని తిప్పినవాడికి వేతనం ఉండవలసిందే. కానీ ఒకసారి చేసిన పనికి ఏటేటా, పెరిగే మొత్తం మీద తీసుకోవడం సమంజసమని మాకు తోచలేదు.

అసర్ నమాజు తరువాత అడిగాము. దాచకుండా చెప్పాడు. “మీరెప్పుడూ అడగలేదు కదా, హజ్రత్” అన్నాడు. నిజమే. అతను లేకపోతే మేము మొదలుపెట్టేవాళ్లమే కాదు, అదీ నిజమే. పాత యూనిట్లు అతని ద్వారానే ఉంచాము. కొత్త వాయిదాలు ఈ నెల నుంచి డైరెక్ట్‌లో వేస్తున్నాము. ఆ ఏర్పాటు చేయడానికి అమ్మాయికి రెండు సాయంత్రాలు పట్టింది.