అడవి దారి ఎవరిది?



నంద్యాల నుండి గిద్దలూరు పోవు బస్సులో కూర్చున్న వారికి నల్లమల కిటికీలో కనబడు పచ్చని కొండ మాత్రమే. కొండ క్రింది గ్రామములలో కాపురముండు మనకు అట్లు కాదు. ఆ అడవిలో మనకు గొడ్లదారి ఉన్నది, కట్టెల దారి ఉన్నది. చెంచువారికి తేనెకు, బంకకు పోవు బాటలున్నవి. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలము వచ్చు యాత్రికులు ఉగ్రస్తంభమునకు, పావన నరసింహ గుడికి కాలిబాటను పోవుదురు. ఆత్మకూరు వైపున వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువుల మీదుగా కన్నడ భక్తులు ఉగాదికి శ్రీశైలము నడిచిపోవుదురు. 14వ శతాబ్దములో ప్రోలయ వేమారెడ్డి ఈ రెండు క్షేత్రములకు మెట్లు కట్టించెనని చరిత్ర చెప్పుచున్నది.

ఈ దారులలో నడుచు మరియొకరు కూడ ఉన్నారు. పులి, చిరుత ముళ్లపొదలలో దూరుటకంటె బాట మీద నడుచుటకే ఇష్టపడును. అందుచేతనే అటవీశాఖవారు పులులను లెక్కించు కెమెరాలను బాటల ప్రక్కన చెట్లకు కట్టుదురు. నాగార్జునసాగర్-శ్రీశైలము అడవి 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకములో చేరినది. 2014లో రాష్ట్రము విడిపోగా కృష్ణకు అవతలి భాగము అమ్రాబాద్ పేరున తెలంగాణకు పోయినది. నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న గుండ్లబ్రహ్మేశ్వరము అభయారణ్యము మన ఇంటి ముంగిటనే ఉన్నది.

ఇప్పుడు పచ్చర్ల, బైర్లూటి వంటి చోట్ల పర్యాటకులకు బసలు, జీపు ప్రయాణములు ఏర్పడినవి. దారులు బాగుచేయవలెను, పెంచవలెను అను మాట తరచుగా వినబడుచున్నది. మేము కొండ క్రింది సంఘములకు వెళ్లినప్పుడు ఒక పెద్దాయన అడిగెను: "అయ్యగారూ, జీపులకు దోవ ఏస్తే సంతోసమే. మా గొడ్లు యాడికి పోవాల?" ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబియ్యలేదు. చాల దినములు దానిని గూర్చి ఆలోచించితిమి.

మొదట మట్టి సంగతి. కొండవాలున నిట్టనిలువుగా దిగిన బాట రెండు వానకాలములకే వాగగును. రాళ్లు తేలగానే నడుచువారు ప్రక్కకు జరిగి క్రొత్త బాట వేయుదురు. అట్లు ఒక బాట మూడగును. వాలుకు అడ్డముగా వంపులు త్రిప్పి, అక్కడక్కడ రాళ్లు పేర్చి నీటిని ప్రక్కకు మళ్లించినచో ఆ బాటయే ఏండ్ల తరబడి నిలుచును. పొలము గట్టు వేసిన రైతుకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కాబట్టి వెడల్పు చేయుటకంటె ముందు ఉన్న బాటను నిలుపుకొనుట మేలు.

రెండవది వేళ. ఒకే దారి అందరికిని చాలవలెనంటే అందరును ఒకేసారి నడువరాదు. చీకటి పడిన తరువాత దారి మృగములకు విడువవలెను. శివరాత్రి, ఉగాది యాత్రలు గడ్డి ఎండియుండు దినములలోనే వచ్చును. ఆర్పకుండ విడిచిన ఒక పొయ్యి కొండంతటిని కాల్చగలదు. ఆ దినములలో వంటకు, నీళ్లకు, చెత్తకు నిర్ణయించిన చోట్లుండవలెను. జీపుల బాటను గొడ్ల బాటతో కలుపకుండుట ఇరువురికిని క్షేమము.

మూడవది న్యాయము. టికెట్టు కొన్నవానికి తలుపు తెరచి, కట్టెల మోపు మోయు తల్లికి అదే తలుపు మూసినయెడల ఆ అడవిని కాపాడుటకు ఎవరు ముందుకు వత్తురు? 2006 నాటి అటవీ హక్కుల చట్టము తరతరములుగా అడవి మీద బ్రతుకువారికి ఫలసాయముపై హక్కునిచ్చి, గ్రామసభకు మాట ఇచ్చినది. క్రొత్త దారి గీయకమునుపు కాపరిని, చెంచుపెద్దను అడుగవలెను. ఏ బుగ్గ ఎండాకాలములో నిలుచునో, ఏ మలుపున ఎలుగుబంటి తిరుగునో వారికి తెలియును. దారి చూపించు ఉద్యోగములు కూడ మొదట వారి బిడ్డలకు దొరుకవలెను.

అయితే హక్కున్నదని ప్రాణమును లెక్కచేయకుండుట తగదు. 2024లో పచ్చర్ల దగ్గర కట్టెలకు వెళ్లిన ఒక స్త్రీ చిరుత వాత పడినది. ఆ వార్త విన్న రాత్రి మా ఇంట ఎవరికిని అన్నము సహించలేదు. ప్రియ తల్లులారా, గ్యాసు పొయ్యి ఉన్న ఇంటివారు కట్టెలకు పోవుట తగ్గించుడి. పోక తప్పనివారు ఒంటరిగా పోవద్దు, బాగుగా తెల్లవారిన తరువాత నలుగురు కలిసి మాటలాడుకొనుచు పోయి, ప్రొద్దు వాలకముందే తిరిగి రండి. బిడ్డలను వెంట తీసికొనిపోవద్దు. యువకులారా, బీడీ నిప్పును, ప్లాస్టిక్ సీసాలను అడవిలో విడిచి రావద్దు.

ఈసారి మీ ఊరిలో గ్రామసభ దండోరా వేసినప్పుడు పని ఉన్నదని మానుకొనకుడి. మీ గొడ్లు నడుచు బాట ఏదో, నీళ్లు త్రాగు చోటు ఏదో అధికారులకు చెప్పి, పటములో గీయించుడి. కాగితము మీద లేని బాట కొన్నాళ్లకు ఎవరికిని గుర్తుండదు.