పాండా మీది పిడుదుకూ ఇంటిపేరు ఉంది

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాము, ఓపిక పట్టి చదవండి.

పోయిన నెల మనవరాలు ఫోనులో చైనా పాండాను చూస్తూ, "తాతా, దీనికి ఉణ్ణి పట్టదా?" అని అడిగింది. మా ఇద్దరికీ నవ్వు రాలేదు. రెండేళ్ళ కిందట మా కుక్కకు పట్టిన ఉణ్ణిని చేత్తో పీకి, కిరసనాయిలులో వేసి, పని అయిపోయిందనుకున్నాము. కొన్నాళ్ళకు దానికి జ్వరం వచ్చి తిండి మానేసింది. పశువుల డాక్టరు మొదట అడిగిన మాట, "ఒక్కటైనా దాచినారా?" దాచలేదు. కుక్క దక్కలేదు. దాచివుంటే బతికేదని చెప్పలేము గానీ, ఆ ప్రశ్న మనసులో నిలిచిపోయింది. అందుకే పాప అడిగినదానికి జవాబు వెతికినాము.

పాండాకూ పడుతుంది. అదీ ఒక రకం కాదు. అడవి పాండాలు ఇప్పుడు సిచువాన్, షాన్‌సీ, గాన్సు రాష్ట్రాల కొండల్లో మాత్రమే ఉన్నాయి. 2015లో చైనా ప్రకటించిన లెక్క 1,864. ఉన్నవే అంత తక్కువ గనుక ఒక్కో పాండా జబ్బూ పెద్ద విషయమే. దెబ్బతగిలి, నీరసించి దొరికినదాన్ని తెచ్చినప్పుడు బొచ్చు పాయలు తీసి వెదికి, దొరికిన పిడుదులను స్పిరిటు సీసాలో దాస్తారు. మేము చేయనిది అదే.

తర్వాత భూతద్దాల కింద పెట్టి ఆనవాళ్ళు చూస్తారు. మొదట కాళ్ళు. ఆరుంటే పసి పిల్ల, ఎనిమిదుంటే ఎదుగుతున్నదో, ఎదిగినదో. ఎదిగినదానికి వీపు మీది గట్టి రేకు మొత్తం కప్పితే మగది, ముందు భాగమే కప్పితే ఆడది. అందుకే ఆడది రక్తం తాగి ఆముదం గింజలా ఉబ్బుతుంది. తిరగేసి మలద్వారం దగ్గరి గీత చూస్తారు. ఆ గీత ద్వారానికి ముందువైపు వంపు తిరిగితే ఇక్సోడెస్. వెనకవైపు ఉండి, కళ్ళు లేకుండా, మూతి పక్కల మీసాల్లాంటివి రెండు వైపులా పొడుచుకొనివుంటే హీమాఫైసాలిస్. కళ్ళుండి, వీపు మీద ముగ్గేసినట్టు తెల్లమచ్చలుంటే డెర్మాసెంటర్.

పాండాల మీద దొరికినవాటిలో హీమాఫైసాలిస్ ఫ్లావా, హీమాఫైసాలిస్ లాంగికోర్నిస్, ఇక్సోడెస్ ఒవాటస్ ఉన్నాయి. ఈ పేర్లు నోరు తిరగవని భయపడకండి. మన పద్ధతే! ముందు ఇంటిపేరు, వెనక సొంత పేరు. ఫ్లావా, లాంగికోర్నిస్ ఒకే ఇంటివాళ్ళు.

రక్తం తాగి ఉబ్బినదీ, పీకేటప్పుడు మూతి విరిగినదీ, మరీ చిన్నదీ కంటికి చిక్కవు. అప్పుడు డీఎన్ఏ తీసి, పేరు తెలిసిన పిడుదుల డీఎన్ఏతో పోల్చి తేలుస్తారు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఏ పిడుదో తెలిస్తేనే అది ఏ జబ్బు మోయగలదో, ఏ కాలంలో ఎక్కడ కాచుకొనివుంటుందో తెలిసేది. లాంగికోర్నిస్‌నే చూడండి. చైనాలో మనుషులకు ప్రాణం మీదికి తెచ్చే ఒక వైరస్ జ్వరాన్ని మోసేది అది. దానిలో కొన్ని ఆడవి మగదాని తోడు లేకుండానే పిల్లలయ్యే గుడ్లు పెడతాయి. 2017లో అమెరికాలో న్యూజెర్సీలో ఒక గొర్రె మీద కనబడితే, కొత్తగా దిగిందనుకున్నారు. పాత సీసాలు తీసి మళ్ళీ చూస్తే 2010లో వెస్ట్ వర్జీనియాలో ఒక జింక మీద పట్టినదీ అదే! సరైన పేరు లేక ఏడేళ్ళు సీసాలోనే ఉండిపోయింది.

పార్సెల్ ఆఫీసులో మేము చేసిన తప్పు గుర్తొచ్చింది. తిరుపతి స్టేషను కోడు టీ పీ టీ వై. తిరుపత్తూరుది టీ పీ టీ. ఒకసారి చివరి అక్షరం రాయడం మరిచినాము. తిరుపతికి పోవలసిన మూట తిరుపత్తూరులో దిగి నాలుగు రోజులు పడివుండింది. మూటలో తప్పు లేదు, చీటీలోనే.

ఇది చైనా సంగతి, మనకెందుకు అంటారేమో. శివమొగ్గ వైపున్న మనవాళ్ళకు మంగన కాయిలె, అంటే కోతిజ్వరం, బాగా తెలుసు. 1957లో సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు రాలిపోయి, మనుషులు జ్వరాన పడినప్పుడు బయటపడిన జబ్బు. దాన్ని ముఖ్యంగా మోసేది హీమాఫైసాలిస్ స్పినిజెరా. పాండా పిడుదుకూ దీనికీ ఇంటిపేరు ఒకటే.

కాబట్టి మా మనవి ఒకటే. ఇంట్లో కుక్కకో, ఆవుకో, మీకో పట్టితే చేత్తో నలపొద్దు, కిరసనాయిలు పోయొద్దు. చిమటాతో తోలుకు ఆనించి పట్టి నేరుగా లాగండి. చిన్న సీసాలో స్పిరిటు పోసి అందులో వేసి, తేదీ, ఊరు రాసి అంటించండి. జ్వరం వస్తే ఆ సీసా తీసుకొని డాక్టరు దగ్గరికి పోండి.

ఇంకొకటి. దీన్ని మా అమ్మమ్మ పిడుదు అనేది. తమిళ బడిలో చదివిన మేము ఉణ్ణి అన్నాము. మనవరాలికి ఉణ్ణి ఒక్కటే తెలుసు. పోయిన నెలే పిడుదు నేర్పినాము. మీ ఇంట్లో ఏమంటారో కింద రాయండి. రాసేటప్పుడు ఇనీషియలు కాకుండా మీ ఇంటిపేరు పూర్తిగా రాయండి.