తప్పు ప్లేట్లది కాదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండన్నా అని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు మాకు చాలాసేపు ఏమీ తోచలేదు. కథలు, కవితలు రాసేవాళ్లు మా బ్యాచ్‌లో వేరే ఉన్నారు. మేము నలుగురం ఒకే గదిలో ట్రంకుపెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పదో తరగతి దాకా చదివినవాళ్లం. నలుగురికీ బాగా తెలిసిన పని ఒకటుంది. పాత మోటార్‌సైకిల్‌కు క్లచ్ ప్లేట్లు మార్చడం. అది నేర్చుకునే క్రమంలో ఒకసారి పదిమందిలో తల దించుకోవలసి వచ్చింది. ఆ సంగతే రాస్తున్నాం.

ఇది 2008 నాటి ముచ్చట. అప్పటికి నాగల్‌గిద్ద మెదక్ జిల్లా మనూరు మండలంలో ఉండేది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. కర్ణాటక సరిహద్దు దగ్గర కాబట్టి మా గదుల్లో తెలుగుతోపాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు కూడా వినబడేవి. దీపావళి దాటితే మాలో చాలామంది అమ్మానాన్నలు చెరకు కోతకు వలసపోయేవారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా మాకు హాస్టలే ఇల్లు.

పది పాసై మేము నారాయణఖేడ్‌లో ఇంటర్‌లో చేరాం. ఆ ఏడు మాలో ఒకరి పెద్దన్న కోతకు పోతూ తన పాత స్ప్లెండర్ తాళంచెవి మా చేతిలో పెట్టాడు. "బస్సు దొరకకుంటే దీని మీద పోండ్రి. అవ్వకు పానం బాగలేకుంటే ఖేడ్ దవాఖానకు తీస్కపోండ్రి. బండి జర పైలం తమ్మీ" అన్నాడు.

స్ప్లెండర్ గురించి ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. హీరో, జపాన్ హోండా కలిసి 1985లో సీడీ 100, 1994లో స్ప్లెండర్ తెచ్చాయి. 97.2 సీసీ ఇంజిన్. పెద్దన్న కొన్నప్పటికే అది ఇద్దరు యజమానుల చేతులు మారింది. దాని మీద యూరియా బస్తాలు మోశారు, కందుల మూటలు మోశారు. మేము ముగ్గురం ఎక్కి కాలేజీకి పోయాం. అలా ఎక్కడం తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాం.

సంక్రాంతికి ముందు బండి చెప్పినట్టు వినడం మానేసింది. ఎక్స్‌లేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతుంది కానీ వేగం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు మరీ కష్టం. ఏదో కాలిన వాసన. ఖేడ్‌లో ఒక ఉస్తాద్ నడిపి చూసి, "క్లచ్ ప్లేట్లు అయిపోయినయి బేటా" అన్నాడు.

క్లచ్ లోపల రెండు రకాల పళ్లేలు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. ఒక రకానికి రాపిడి పదార్థం అంటించి ఉంటుంది, రెండోది ఉట్టి ఉక్కు. లివర్ వదిలినప్పుడు స్ప్రింగులు వీటన్నిటినీ కలిపి గట్టిగా నొక్కుతాయి. అప్పుడే ఇంజిన్ బలం గేర్లకు, అక్కడినుంచి చక్రానికి అందుతుంది. లివర్ పట్టుకుంటే ఆ నొక్కుడు పోయి పళ్లేలు విడివడతాయి. రాపిడి పదార్థం అరిగిపోతే స్ప్రింగులు ఎంత నొక్కినా పళ్లేలు ఒకదానిమీద ఒకటి జారుతాయి. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు.

మజూరీకి డబ్బులు లేవు. పెద్దన్న ఇంటి ఖర్చుకని ఇచ్చిపోయిన పైసల్లోంచి నాలుగు వందలు తీసి ప్లేట్లు, ప్యాకింగ్, ఆయిల్ కొన్నాం. బిగించుడు మేమే చేస్తామన్నాం. ఉస్తాద్ నవ్వి, మధ్య భాగం విప్పే పనిముట్టు ఒక రోజుకు ఇచ్చాడు. "ఉలి, సుత్తి పెట్టి కొట్టకండ్రి" అని మాత్రం హెచ్చరించాడు.

ఇంటి ముందు వేపచెట్టు కింద పని మొదలుపెట్టాం. ఇంజిన్ చల్లారాక కింది నట్టు విప్పి పాత ఆయిల్ దించాం. కుడివైపు కిక్ రాడ్, క్లచ్ వైరు తీశాం. మూత బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు. అందుకని అట్టముక్క మీద మూత బొమ్మ గీసి, ఏ బోల్టు ఆ చోటే గుచ్చాం. ఈ ఉపాయం మాకు సైన్సు సారు ప్రయోగశాలలో నేర్పిందే. స్ప్రింగుల బోల్టులు ఒకేసారి కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేశాం. పాత పళ్లేలు నల్లగా మాడి ఉన్నాయి. కొత్తవి అదే వరుసలో పేర్చి, మూత బిగించి, 900 మిల్లీలీటర్ల ఆయిల్ పోశాం. చివరికి వైరు కట్టాం. లివర్ వదులుగా ఉంటే పాతబండి లెక్క ఉందని బిర్రుగా బిగించాం. బండి స్టార్టయి కదిలింది. ఆ సాయంత్రం ఊర్లో మాకంటే గొప్పవాళ్లు లేరనిపించింది.

నాలుగు వారాలు గడిచాయి. ఫిబ్రవరిలో ఒక రాత్రి అవ్వకు జ్వరం ముదిరింది. మాలో ఇద్దరం ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని ఖేడ్‌కు బయలుదేరాం. సగం దారిలో ఒక ఎత్తు దగ్గర బండి మళ్లీ అరవసాగింది, ఎక్కలేదు. అవ్వను రోడ్డు పక్కన రాయి మీద కూర్చోబెట్టి, చలిలో మా చద్దర్ కప్పి నిలబడ్డాం. ఎంతసేపటికో ఒక ట్రాక్టరు వచ్చి ఆమెను ఎక్కించుకుంది. అవ్వ బతికింది. కానీ ఆ రాయి దగ్గర మేము పడ్డ భయం ఇప్పటికీ పోలేదు.

మరునాడు నలుగురం కోపంగా ప్లేట్లు కొన్న దుకాణానికి పోయాం. గిరాకీ ఉన్న వేళ, "నకిలీ మాల్ అంటగట్టినవ్, మా అవ్వ చచ్చిపోతుండె" అని గట్టిగా అరిచాం. దుకాణదారు జవాబు చెప్పలేదు. ఉస్తాద్‌ను పిలిపించాడు. ఆయన ప్లేట్లు చూడనే లేదు. క్లచ్ లివర్‌ను ఒక్క వేలితో కదిపి, మమ్మల్నీ కదపమన్నాడు. అది కొంచెం కూడా ఊరికే కదలలేదు.

"తప్పు ప్లేట్లది కాదు బేటా, మీ వైరుది. గింత బిర్రుగ కడితే మీరు లివర్ వదిలినా లోపల క్లచ్ వదల్లే. స్ప్రింగ్ పూరా నొక్కలే. నెల దినాలు ప్లేట్లు రాసుకుంట రాసుకుంట కాలినయి" అన్నాడు.

లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఊరికే కదలాలి. దాన్నే ప్లే అంటారు. కొత్త ప్లేట్లను బిగించేముందు ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాలని కూడా ఆయన చెప్తేనే తెలిసింది. మేము పొడివే బిగించాం.

పదిమంది చూస్తుండగా దుకాణదారుకు క్షమాపణ చెప్పాం. ఆయన కొంచెంసేపు మౌనంగా ఉండి, ఇంకో సెట్టు తీసి బల్లమీద పెట్టాడు. "పరీక్షలు అయినంక ఇయ్యుండ్రి" అన్నాడు. రెండోసారి ప్లేట్లు రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టాం. ఉక్కు పళ్లేలను అద్దం మీద పెట్టి వంకర ఉందేమో చూశాం, స్ప్రింగుల పొడవు పోల్చాం. ఆఖరుకు లివర్ ప్లే స్కేలుతో కొలిచాం. పరీక్షలన్నిటికీ అదే బండి మీద పోయాం. వేసవిలో కూలికి పోయి బాకీ తీర్చాం.

ఉగాదికి పెద్దన్న వచ్చాడు. చెరకు ఆకు కోసిన గీతలు చేతుల నిండా ఉన్నాయి. ఆయన డబ్బులు ఎలా కాల్చామో దాచకుండా చెప్పాం. ఆయన తిట్టలేదు. లివర్ ఒకసారి వేలితో కదిపి చూసి, "ఇప్పుడన్న నేర్చుకున్నరా?" అని అడిగాడు.

ఇప్పుడు మాలో ఒకరికి సొంత మెకానిక్ షెడ్డు ఉంది. ఇద్దరు ఉద్యోగాల్లో ఉన్నారు. ఒకరు సేద్యం చేస్తున్నారు. కలిసినప్పుడల్లా ఆ దుకాణంలో అరిచిన రోజు గుర్తొస్తుంది.

తమ్ముళ్లారా, ఇంట్లో పాత బండి ఉంటే నెలకొకసారి లివర్ ప్లే చూడండి. క్లచ్ సగం పట్టుకుని నడపకండి. కార్లకు పోసే ఆయిల్ పోయకండి, జాసో ఎంఏ అని రాసి ఉన్న మోటార్‌సైకిల్ ఆయిలే పోయండి. ఇక బండి జారితే, దుకాణం మీదికి పోయేముందు మీరు కట్టిన వైరు ఒకసారి చూసుకోండి.