అరుగు కింద కంకర

ఇక్కడ మిన్నెసోటాలో ఇల్లు కొన్న మనవాళ్ళకి రెండో వేసవి వచ్చేసరికి పుట్టే కోరిక పెరట్లో పేవర్ల పాటియో. అంటే రాళ్ళు పరిచిన అరుగన్నమాట. కొటేషన్లు తెప్పించుకుని రాళ్ళ రంగులు, డిజైన్లు చూస్తూ కూర్చుంటారు. నా ఉద్దేశంలో ముందు చూడాల్సింది ఒకటే అంకె: రాళ్ళ కింద కంకర ఎన్ని అంగుళాలు?

మన ఊళ్ళో నేల దిమ్మిస కొట్టి, ఇసుక పోసి షాబాదు బండలు పరిస్తే ఏళ్ళ తరబడి ఉంటాయి. అక్కడ నేల గడ్డకట్టదు కదా! ఇక్కడ ఇంటి పునాదులే రాష్ట్రం దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు దిగాలని రూలు. చలి అంత లోతుకి పోతుందని లెక్క.

నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. అది చిన్న సంగతి. అసలు దెబ్బ వేరే ఉంది. మెత్తటి ఒండ్రుమట్టి, దీపం వత్తి నూనె పీల్చినట్టు, కింద నుంచి నీళ్ళు లాగుతూనే ఉంటుంది. అవి పొరలు పొరలుగా గడ్డకట్టి పైనున్నవాటిని లేపేస్తాయి. వసంతంలో పై మట్టి కరుగుతుంది, కిందది ఇంకా రాయిలాగే ఉంటుంది. నీళ్ళకి దారిలేక అంతా బురద. అప్పుడు రాళ్ళు ఎగుడుదిగుడుగా కుంగుతాయి.

దీనికి మూడు కలవాలి: చలి, నీళ్ళు, నీళ్ళు పీల్చే మట్టి. చలిని మనమేం చెయ్యలేం. అరుగు కోసం మూడున్నర అడుగులు ఎవరూ తవ్వరు కూడా. కాబట్టి మిగతా రెండిటి సంగతి చూడాలి. తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు లైన్లకి ఉచితంగా గుర్తులు పెడతారు. మట్టి తీసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, పదును అంచులున్న కంకరని మూడు నాలుగు అంగుళాల పొరలుగా పోస్తూ ప్రతి పొరనీ ప్లేట్ కంపాక్టర్‌తో దట్టించాలి. నున్నటి గులకరాళ్ళు పనికిరావు, జారిపోతాయి. పైన అంగుళం ముతక ఇసుక, దానిమీద రాళ్ళు, చుట్టూ కదలకుండా అంచుపట్టీ. ఇంటివైపు నుంచి బయటికి అడుగుకి పావు అంగుళం వాటం.

నాకొచ్చిన రెండు కొటేషన్లలోనూ రాయి ఒకటే, కొలత ఒకటే, 12 అడుగులకి 12. చవకదాంట్లో కంకర 4 అంగుళాలు, రెండోదాంట్లో 8. అంటే 48 ఘనపుటడుగులకి బదులు 96. తేడా డబ్బంతా ఆ కంకరలో, తవ్వకంలో, దట్టించడంలోనే ఉంది. నీళ్ళు బాగా ఇంకే నేలకి, చలి లేనిచోట 4 సరిపోవచ్చు. మా బంకనేలకి చాలదు. పైన యూఐ మెరుస్తూ కింద డేటాబేసు డొల్లయితే ఏమౌతుందో మా ఫీల్డువాళ్ళకి చెప్పక్కర్లేదు :)

డబ్బు చాలకపోతే అరుగు చిన్నది చెయ్యండి, కంకర తగ్గించకండి. పదికి పది అరుగుకి 8 అంగుళాలంటే 67 ఘనపుటడుగులే. నేను ఆ లెక్కకే ఒప్పుకున్నాను. కుర్చీలు రెండు తక్కువ పడతాయి, అంతేగా!