లక్కా, రబ్బరూ, ఒక మూడు నిమిషాల పాట

జాజ్ అన్న మాట వినగానే మన తెలుగువాళ్ళలో చాలామందికి కళ్ళ ముందు కనపడేది పాత సినిమాల్లోని క్లబ్బు సీను. మసక వెలుతురు, విలన్ చేతిలో గ్లాసు, వెనకాల సూటు వేసుకున్న ఓ ఆసామీ బుగ్గలు పూరించి ఊదే బంగారురంగు గొట్టం. ఎల్.ఆర్.ఈశ్వరి గారి పాట అయిపోగానే ఆ గొట్టం పని కూడా అయిపోతుంది. నలభయ్యో ఏడు వచ్చేదాకా జాజ్‌తో నా పరిచయమూ అంతే. త్యాగరాజ కృతులు, ఘంటసాల గారి పద్యాలు, రేడియోలో లలితగీతాలు విని పెరిగిన విశాఖ జిల్లా వాడిని. ఇపోలో వైద్యవిద్యార్థులకు పాఠాలు చెప్పుకుంటూ పద్నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను. ఇటువంటివాడు 1940ల నాటి అమెరికా రికార్డుల గురించి మన ఉగాది సంచికలో రాయడమేమిటని మీరు అడగవచ్చు. మా శ్రీమతి ముందే అడిగింది. కారణం ఉంది, చిత్తగించండి.

ఆదివారం పొద్దున్నే ఇపోలో పాత సామాన్ల సంత చుట్టి రావడం నాకో వ్యసనం. కొనేది తక్కువ, తిరిగేది ఎక్కువ. ఓసారి ఒక చైనా అంకుల్ దగ్గర పాత సీడీల అట్టపెట్టె కనపడింది. వాటిలో ఒకదాని వెనక అచ్చు వేసిన తేదీ నన్ను ఆపేసింది: 1943 డిసెంబరు 28, న్యూయార్కు. ప్రపంచమంతా తగలబడిపోతున్న రోజుల్లో వీళ్ళు కూర్చుని ఏం వాయించుకున్నారబ్బా అనిపించింది. ఐదు రింగిట్లు ఇచ్చి కొని, ఇంటికి వస్తూ కారులో పెట్టాను. ఇల్లు వచ్చినా దిగలేదు. ఇంజను ఆపకుండా రెండోసారి విన్నాను.

నలుగురే మనుషులు. శాక్సఫోను లెస్టర్ యంగ్, పియానో జానీ గ్వర్నియరీ, పెద్ద బేస్ వాద్యం స్లామ్ స్టూవర్ట్, డ్రమ్ములు సిడ్ కాట్లెట్. పాట పేరు 'సమ్‌టైమ్స్ అయామ్ హ్యాపీ'. అంటే, అప్పుడప్పుడు నాకు సంతోషంగా ఉంటుంది అని. ఎప్పుడూ కాదు, అప్పుడప్పుడు. మొదట బాణీ వినిపిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఆ బాణీ చట్రంలోనే ఉంటూ, అప్పటికప్పుడు తమకు తోచింది వాయిస్తారు. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావారు తాళం తప్పకుండా కింద పట్టుకుని నిలబడతారు. ఇది మనకు కొత్తేమీ కాదు. మన కచేరీలో మనోధర్మం అంటామే, అదే. అక్కడ గాయకుడు, వయొలిన్, మృదంగం, ఇక్కడ నలుగురు. ఆ స్టూవర్ట్ గారికి మరో విద్య ఉంది. బేస్ మీద కమాను లాగుతూ, అదే స్వరాన్ని ఒక స్థాయి పైన గొంతుతో కూనిరాగంగా కలుపుతాడు. మా అమ్మాయి విని, "నాన్నా, ఈయన నీలాగే స్నానాలగదిలో పాడినట్టు పాడుతున్నాడు" అంది.

నచ్చిన పాట వెనక మనుషుల్ని వెతకడం నా అలవాటు. ఆ రికార్డును తయారుచేయించిన కంపెనీ పేరు కీనోట్. ఆ రోజు ఆ నలుగురినీ పిలిచి కూర్చోబెట్టిన నిర్మాత పేరు హ్యారీ లిమ్. లిమ్ అన్న పేరు చూడగానే మన వీధిలో మనిషిలా అనిపించలేదూ? నిజంగానే ఆయన 1919లో బటేవియాలో, అంటే ఇవాళ్టి జకార్తాలో పుట్టాడు. హాలండులో చదువుకుని 1939లో అమెరికా చేరాడు. మన పక్కదేశంలో పుట్టి పరాయి గడ్డ మీద, తనది కాని సంగీతాన్ని అక్కడివాళ్ళ కంటే శ్రద్ధగా పట్టించుకున్నాడు. ఇల్లు వదిలి వచ్చిన మనబోటివాళ్ళకి ఆయన దగ్గరివాడనిపిస్తాడు.

సరే, ఈ నలుగురి మేళాలు ఆ రోజుల్లోనే అంత ఎక్కువగా ఎందుకు రికార్డయ్యాయి? అంతకుముందు అమెరికాలో రాజ్యమేలినవి పదిహేను, పదహారు మంది ఉండే పెద్ద బ్యాండ్లు. బస్సుల్లో ఊరూరా తిరిగి వాయించేవి. యుద్ధం వచ్చి వాటి నడుం విరిచింది. వయసులో ఉన్న వాద్యకారుల్ని సైన్యంలోకి తీసుకున్నారు. బస్సులకు టైర్లు దొరకలేదు. ఎందుకు దొరకలేదంటే, కథ సూటిగా మన గుమ్మంలోకి వస్తుంది. అమెరికాకు కావలసిన సహజ రబ్బరులో పదింట తొమ్మిది వంతులు మన మలయా, పక్కన డచ్చివారి దీవులు మొదలైన చోట్ల నుంచే వెళ్ళేది. 1941 డిసెంబరు 8న జపాను సైన్యం కోట భారులో దిగింది. 1942 జనవరి 11న కౌలాలంపూర్, ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయాయి. అమెరికా యుద్ధకాలంలో మొట్టమొదట రేషను పెట్టిన వస్తువు తిండిగింజలు కాదు, టైర్లు. అదీ 1942 జనవరిలోనే. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వచ్చిన మనవాళ్ళు తెల్లవారుజామున గీసిన రబ్బరు చెట్టు పాలు ఆగిపోతే, అక్కడెక్కడో న్యూయార్కులో బ్యాండు బస్సు ఆగిపోయింది.

రెండో వస్తువు లక్క. ఆనాటి రికార్డు పళ్ళేలు ప్లాస్టిక్‌వి కావు. మెత్తటి రాతిపొడిని లక్కతో కలిపి ముద్దచేసి, అచ్చు వేసేవారు. ఆ లక్క ఎక్కువగా వచ్చింది మన భారతదేశం నుంచి, ముఖ్యంగా ఛోటానాగపూర్ అడవుల నుంచి. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టే గూడు అది. నేను పుట్టిన ఊరు ఏటికొప్పాకకు దగ్గరే. అప్పుడు విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. తిరిగే అంకుడుకర్ర మీద రంగు లక్కను ఒత్తితే ఆ రాపిడి వేడికి కరిగి బొమ్మకు మెరుపు పట్టడం చిన్నప్పుడు గంటలతరబడి చూసేవాడిని. అదే లక్క మీద లెస్టర్ యంగ్ ఊపిరి కూడా ముద్రపడిందని తెలిసిననాడు నాకు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. యుద్ధంలో ఓడల రవాణా దెబ్బతిని, ఉన్న లక్క సైన్యం అవసరాలకు కావలసివచ్చి, 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కను 70 శాతం తగ్గించింది. కొత్త రికార్డు కోసం పాతవి తెచ్చి ఇమ్మని జనాన్ని అడిగేవారు. వాటిని నూరి మళ్ళీ పోతపోసేవారు.

దీనికి తోడు 1942 ఆగస్టు 1 నుంచి అక్కడి వాద్యకారుల యూనియన్ రికార్డింగుల సమ్మె చేసింది. రికార్డు మోగే ప్రతిచోటా మనిషి వాయించే పని పోతోంది, మా వాటా మాకివ్వండి అని వాళ్ళ వాదన. పెద్ద కంపెనీలైన విక్టర్, కొలంబియాలు 1944 నవంబరు దాకా దిగిరాలేదు. కీనోట్ వంటి చిన్న కంపెనీలు 1943లోనే ఒప్పుకుని, దొరికిన నలుగురైదుగురితో పని మొదలుపెట్టాయి. అంటే లేమిలోంచే ఆ సంగీతం వచ్చింది. మనుషులు కరువు, టైర్లు కరువు, లక్క కరువు. పది అంగుళాల పళ్ళెం ఒక్కోవైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో అనవసరమైన మాట ఒక్కటి మాట్లాడడానికి ఎవరికీ తీరికలేదు.

ఇంతదాకా చదివి మీలో పెద్దలు ఒక మాట అనవచ్చు. "డాక్టరుగారూ, ఆ ఏళ్ళలో ఇక్కడ మావాళ్ళు ఏమయ్యారో తెలుసా?" అని. తెలుసు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. 1942 జూన్ నుంచి 1943 అక్టోబరు దాకా సయాం, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయడానికి జపాను సైన్యం ఈ ఎస్టేట్ల నుంచి తమిళులను, తెలుగువారిని, మలయ్ సోదరులను వేలకు వేలుగా తీసుకుపోయింది. కలరా, మలేరియా, ఆకలి, దెబ్బలు. తిరిగి రానివారే ఎందరో. మా ఇపోకు దగ్గరలోని పాపాన్‌లో సిబిల్ కత్తిగాసు అనే నర్సమ్మ రహస్యంగా రేడియో పెట్టుకుని బీబీసీ వార్తలు వింది, గెరిల్లాలకు వైద్యం చేసింది. ఆ రేడియోకు వాళ్ళింట్లో పెట్టుకున్న రహస్యనామం జోసెఫిన్. 1943లో ఆమెను పట్టుకుని పెట్టిన చిత్రహింసల ఫలితంగా 1948లో కన్నుమూసింది. రేడియో వినడమే ప్రాణం మీదికి తెచ్చే రోజులవి. అదే 1943 జనవరిలో జపాను తన దేశంలో వెయ్యిదాకా బ్రిటిష్, అమెరికన్ పాటలను నిషేధించింది. కాలం ఎంత చిత్రమైనదంటే, హ్యారీ లిమ్ చేయించిన ఆ కీనోట్ రికార్డులన్నిటినీ ఏరి, 21 ఎల్పీల పెట్టెగా 1986లో మళ్ళీ లోకానికి అందించింది కూడా జపాను కంపెనీయే.

మరి మనవాళ్ళు పట్టాల కింద రాళ్ళు మోసిన సంవత్సరంలో పుట్టిన హాయైన సంగీతాన్ని హాయిగా వినవచ్చా? ఈ ప్రశ్న నన్ను కొన్నాళ్ళు వేధించింది. నాకు దొరికిన సమాధానం ఆ లెస్టర్ యంగ్ జీవితమే. ఆ పాట వాయించిన మరుసటి ఏడు ఆయన్ను సైన్యంలోకి లాక్కున్నారు. 1945లో సైనిక న్యాయస్థానం శిక్ష వేసి నిర్బంధంలో పెట్టింది. బయటికి వచ్చాక ఆ నిర్బంధశాల పేరు మీదే ఒక బాణీ కట్టి వాయించాడు. అది కూడా ఏడుపుగొట్టు బాణీ కాదు, నడిచే బాణీ. ఆ సంతోషం బాధ తెలియనివాడి సంతోషం కాదు. అందుకని వింటున్నాను.

అయితే ఒక లోటు మాత్రం మిగిలిపోయింది. మన లక్క మీద, మన రబ్బరు కొరత వల్ల, వాళ్ళ పాట నిలిచింది. మరి మన పాట ఏదీ? ఆ ఏళ్ళలో లయన్లలో మన ఆడవాళ్ళు పాడుకున్న జోలపాటలు, రాని భర్త కోసం పాడుకున్న పాటలు ఏ పళ్ళెం మీదా ఎక్కలేదు.

కిందటేడు బాగాన్ దాతుక్‌లో మన సభ్యులొకరి ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఆ ఇంటి మామ్మగారికి తొంభై దాటాయి. వాళ్ళ నాన్న సయాం రైలుకు వెళ్ళి తిరిగి రాలేదు. అప్పుడు వాళ్ళమ్మ చంటిపిల్లాడిని ఊపుతూ పాడిన పాట ఇప్పటికీ గుర్తుందట. "పాడండి మామ్మగారూ" అని ఫోను దగ్గర పెట్టాను. "ఎవులు ఇంటారు బాబూ ఇప్పుడివి?" అంది. అంటూనే పాడింది. మధ్యలో రెండుసార్లు ఆగింది, మళ్ళీ అందుకుంది. పక్కగదిలో టీవీ చూస్తున్న మునిమనవలు ఎప్పుడు వచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. పాట అయ్యాక ఫోను చూశాను: రెండు నిమిషాల యాభై సెకన్లు.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. ఆ యుద్ధకాలంలోనే అమెరికా సైన్యం తన సైనికుల కోసం వీ-డిస్కులని ప్రత్యేకంగా రికార్డులు వేసింది. 1949లో ఆ పథకం ఆగిపోయాక మాతృకలను నాశనం చేసేశారు. ఇవాళ మనం వాటిని వింటున్నామంటే, కొందరు సైనికులు వద్దన్నా వినకుండా ఇంటికి పట్టుకుపోయి దాచుకోబట్టే. ఇళ్ళలో దాచుకున్నదే చివరికి మిగులుతుంది.

కాబట్టి నా మనవి ఇదీ. ఈ ఉగాదికి పచ్చడి తిన్నాక మీ ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చోండి. జేబులో ఫోను ఉండనే ఉంది. కథ చెప్పమంటే చాలామంది చెప్పలేరు, ఒక పాట అడగండి. మూడు నిమిషాలు చాలు. పాడినవారి పేరు, ఎస్టేటు పేరు, తేదీ తప్పకుండా రాసిపెట్టండి. ఆ సీడీ వెనక తేదీ లేకపోతే నేను ఆ పెట్టె దాటి వెళ్ళిపోయేవాడిని.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.